ఆరో నంబరు గుండు

పోయిన నెలలో రాజమండ్రి వెళ్ళి కుడి మోకాలికి ఎక్స్‌రే తీయించుకున్నాను. ఇరిగేషన్ శాఖలో చేరినప్పటి నుంచి రిటైరయ్యే దాకా కాలవ గట్ల మీద తిరిగి తిరిగి అరిగిన మోకాలు అది. అరిగిందని నాకు ముందే తెలుసు. కానీ ఈ రోజుల్లో మన నొప్పి మనం చెబితే డాక్టర్లు నమ్మరు, ఫోటో ఉండాలి. ఎక్స్‌రే తీసే కుర్రాడు మొదటి ఫోటో చూసి మొహం చిట్లించి, "కొంచెం కదలకుండా ఉండండి మాస్టారూ" అని ఇంకోటి తీశాడు. అది కూడా చూసి బయటికి వచ్చి, "లుంగీ మడతలో ఏదైనా ఉండిపోయిందేమో చూడండి" అన్నాడు. లేచి దులిపి చూపించాను. మళ్ళీ తీశాక అసలు సంగతి చెప్పాడు. మోకాలి కింద, పిక్కలో, మెంతిగింజంత తెల్లటి చుక్క కనిపిస్తోందట. మిషను పాడైతే తన మీదికి వస్తుందని అతని భయం. "మిషను బాగానే ఉంది బాబూ, అది ఆరో నంబరు గుండు" అన్నాను. "ఆరో నంబరంటే, మిగతా అయిదూ ఎక్కడున్నాయండీ?" అన్నాడు పాపం, నా ఒళ్ళంతా ఎగాదిగా చూస్తూ.

డాక్టరుగారు చిన్నవాడు, మర్యాదస్తుడు. ఆ చుక్క మీద పెన్ను పెట్టి, "ఫారిన్ బాడీ అండి. ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగారు. పి.యు.సి. చదివే రోజుల నుంచి ఉందని చెప్పాను. ఎలా వచ్చిందన్నారు. ఒక తాసీల్దారుగారు కాల్చారని చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టి నా వైపు కుర్చీ తిప్పారు గానీ, బయట బెంచీల నిండా జనం, నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. వినాలనే కోరిక ఆయనకి ఉంది, చెప్పాలనే దురద నాకు ఉంది, టైము ఇద్దరికీ లేదు. అందుకని ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతున్నాను. మీ వెనక ఎవరూ బెంచీ మీద కూర్చుని లేరనుకుంటాను.

సామర్లకోటకీ పిఠాపురానికీ మధ్య, రైలు కట్టకి అవతల మా పెదనాన్నగారి ఊరు. ఊరికి దిగువన ఆవ ఉండేది. ఆవ అంటే అటు చెరువూ కాదు, ఇటు పొలమూ కాదు. వానాకాలంలో చుట్టుపక్కల నీళ్ళన్నీ వచ్చి చేరి, ఎండలు ముదిరే దాకా కదలకుండా కూర్చునే పల్లపు భూమి. పొలమని శిస్తు కట్టేవాళ్ళు కట్టేవాళ్ళు, చెరువని చేపలు పట్టుకునేవాళ్ళు పట్టుకునేవాళ్ళు. కార్తీకం వెళ్ళేసరికి దాని మీద పరజలు దిగేవి. పరజలంటే అడవిబాతులు. పగలంతా నీళ్ళ మధ్య నల్లగా తేలుతూ, సాయంత్రం అయ్యేసరికి ఈలలు వేసుకుంటూ వరిచేల మీదికి లేచేవి. అప్పటికి వేట మీద ఇప్పటి చట్టం లేదు. లైసెన్సున్న తుపాకీ ఉంటే చాలు, ఎవరూ అడ్డేవారు కాదు. ఇప్పుడు పరజ వైపు వేలు చూపించినా కేసవుతుంది, అది న్యాయమే. కానీ నేను చెబుతున్నది న్యాయం పుట్టకముందు సంగతి. పరజల కూర తిన్న నోటితో ఇప్పుడు నీతులు చెబితే ఆ పరజలే నవ్వుతాయి.

పెదనాన్నకి పిల్లలు లేరు. ఆ ముద్దంతా వాళ్ళ నాన్న దగ్గర నుంచి వచ్చిన జోడు గొట్టాల తుపాకీ మీద పెట్టుకున్నారు. మా దొడ్డమ్మ, అంటే ఆయన భార్య, ఆ తుపాకీని సవతి అనేది. ఆ మాట ఉత్తినే అనలేదు. వాళ్ళ పెళ్ళి ఫోటో హాల్లో ఉండేది. అందులో పెదనాన్నకి ఒక పక్క దొడ్డమ్మ నిలబడి ఉంటుంది, ఇంకో పక్క తుపాకీ నిటారుగా నిలబడి ఉంటుంది. దొడ్డమ్మ తల వంచుకుని ఉంటుంది, తుపాకీ వంచుకోదు. దానికి ఆదివారం ఆదివారం నూనె స్నానం. తూటాలకైతే ఇంకా సేవ. ఆ రోజుల్లో తూటాలకి అట్ట తొడుగులు ఉండేవి. మా పల్లపు గాలికి అవి చెమ్మ పట్టి ఉబ్బిపోతే గొట్టంలోకి దూరవు. అందుకని వాటిని బియ్యం డబ్బాలో కప్పెట్టేవారు, ఎండ కాసిన రోజున చేటలో పోసి డాబా మీద వడియాల పక్కన ఆరబెట్టేవారు. దొడ్డమ్మ అత్తెసరుకి బియ్యం తీస్తూ చేతికి తూటా తగిలితే, రాయి తీసి పారేసినంత తేలిగ్గా పక్కన పెట్టి గిన్నె నింపుకునేది. కాకుల్ని తోలడానికి డాబా మీద కూర్చునే పని నాకూ మా బావకీ పడేది. కాకులు వడియాలే ఎత్తుకుపోయేవి, తూటాల జోలికి వచ్చేవి కావు.

బావంటే మా మేనత్త కొడుకు. కాకినాడలో ఇంజనీరింగు చదువుతూ సెలవులన్నీ పెదనాన్న ఇంట్లోనే గడిపేవాడు. నేనూ అంతే. మా ఇద్దరికీ వేట నేర్పాలని ఆ ఏడు పెదనాన్నకి బుద్ధి పుట్టింది. మాకు తొందర. చూసిన మొదటి పరజనే పడగొట్టాలని, అందులోనూ తూటాల పెట్టెలో ఉన్న అన్నిటికంటే పెద్ద తూటాతో పడగొట్టాలని ఇద్దరి కోరికా ఒకటే. పెట్టెలో పెద్దది ఎల్జీ. అది అడవిపందులకి వాడేది, ఒక్కో గుండు శనగగింజంత ఉంటుంది. పెదనాన్న మా మొహాలు చూసి, వంటింట్లోకి వెళ్ళి దొడ్డమ్మ పోపుల పెట్టె పట్టుకొచ్చి అరుగు మీద మూత తీశారు.

"ఇవి ఆవాలు. ఎనిమిదో నంబరు గుండు ఇంతుంటుంది. ఉల్లంకి పిట్టలకి. ఇవి మెంతులు, ఆరో నంబరు. ఇవి మిరియాలు, నాలుగో నంబరు. దగ్గర్లో లేచే పరజకి మెంతులు, దూరంగా పోయేదానికి మిరియాలు. శనగలు దేనికిరా? పరజని కొట్టాలా, తగలెయ్యాలా? కూరకి ఏం మిగులుద్ది, ముక్కూ కాళ్ళూనా?" అన్నారు.

నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవడమేంటని నేను అడిగాను. "దొరలు పెట్టిన లెక్క. అడక్కూడదు" అన్నారు. అసలు చిక్కు చోకు దగ్గర వచ్చింది. తుపాకీకి కుడి గొట్టం చివర వదులుగా ఉంటుంది, ఎడమ గొట్టం చివర సన్నగా బిగించి ఉంటుంది. ఆ బిగింపు పేరే చోకు. వదులు గొట్టం నుంచి వచ్చిన గుళ్ళు తొందరగా విడిపోయి వెడల్పుగా పరుచుకుంటాయి, బిగువు గొట్టం నుంచి వచ్చినవి చాలాదూరం గుంపుగా పోతాయి. ఇది మాకు ఎంత చెప్పినా ఎక్కలేదు. పెదనాన్న మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి ఈసారి జంతికల గొట్టం తెచ్చారు. అప్పటికి దొడ్డమ్మ పోపు వెయ్యడానికి ఆవాలు లేక, జంతికలు వత్తడానికి గొట్టం లేక, పొయ్యి మీద మూకుడు మాడుతుంటే గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఇంకేమైనా కావాలా మీ పాఠానికి? నన్ను కూడా పట్టుకెళ్ళి చూపించండి, దేనికో దానికి పనికొస్తాను" అంది.

బావకి చోకు మీద ప్రాణం. బిగువు గొట్టమే శాస్త్రీయమని వాడి వాదన. గుళ్ళన్నీ ఒక్కచోటికి పోతే ఫలితం ఎక్కువని స్లైడ్ రూలు జరిపి మరీ లెక్క తేల్చేవాడు. "గుళ్ళు ఒక్కచోటికే పోతాయిరా, ఆ చోట పరజ ఉండొద్దూ? కొత్త చేతికి వెడల్పు కావాలి" అనేవారు పెదనాన్న. మాటలతో తేలేది కాదని, ఆయన వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటి మాకు చూపించారు. అదే ఈ కథకంతటికీ మూలం. దాని పేరు పంచె పరీక్ష.

దొడ్డిలో రెండు కొబ్బరిచెట్ల మధ్య తెల్లటి పంచె బిగించి కట్టి, మధ్యలో బొగ్గుతో పరజ బొమ్మ గీసి, నలభై అడుగుల అవతల నుంచి ఒక తూటా కాల్చాలి. తరవాత దగ్గరికి వెళ్ళి, బొమ్మలో ఎన్ని చిల్లులు పడ్డాయి, బొమ్మ బయట ఎన్ని పడ్డాయి చూసుకుంటే, ఆ గొట్టం ఆ నంబరుని ఎలా విసురుతోందో తెలుస్తుంది. ఒక్కో గొట్టానికీ ఒక్కో నంబరుకీ ఒక్కో పంచె. పాత గోనెసంచి కట్టొచ్చు కదా అంటే, గోనెకి పుట్టుకతోనే చిల్లులుంటాయి అనేవారు. కాగితం కట్టొచ్చు కదా అంటే, చిరిగిపోతుంది అనేవారు. పంచె మీద పడ్డ చిల్లు అబద్ధం చెప్పదని ఆయన సిద్ధాంతం. పెళ్ళిళ్ళలో శుభకార్యాల్లో పెట్టిన పంచెలన్నీ అలా ఒక్కొక్కటే కొబ్బరిచెట్ల మధ్యకి ఎక్కాయి. దొడ్డమ్మ వాటిని చింపి మసిగుడ్డలు చెయ్యాలని విడిగా పెట్టేది. చాకలి వాటిని కూడా శ్రద్ధగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, చిల్లులు లోపలికి పోయేలా మడతలు పెట్టి తెచ్చేవాడు. బీరువాలో పరీక్ష పాసయిన పంచె ఏదో, పరీక్షకి కూర్చోని పంచె ఏదో విప్పితే తప్ప తెలిసేది కాదు. తొందరలో ఉన్న మనిషి విప్పి చూస్తాడా?

ఇలా ఉండగా పక్కింటాయన కలెక్టరాఫీసుకి ఫిర్యాదు పెట్టాడు. అందులో రెండు విషయాలు. ఒకటి, మా పెదనాన్న లైసెన్సు తుపాకీని మీసాలు రాని కుర్రాళ్ళ చేతికి ఇస్తున్నారు. రెండు, ఆ చప్పుళ్ళకి తన గేదె పాలు చేపడం మానేసింది. మొదటి దాంట్లో నిజం ఉంది. రెండోదాంట్లో కూడా కొంత ఉండే ఉంటుంది. లైసెన్సు గడువు ఆ నెలాఖరుతో తీరిపోతోంది, విచారణ జరిగి రిపోర్టు వస్తే గానీ రెన్యువల్ చెయ్యరని కబురొచ్చింది. ఆ కబురు వచ్చిన దగ్గర నుంచి పెదనాన్న అన్నం సరిగ్గా తినలేదు. తుపాకీ పోతే ఆయనకి తిండి జరక్కపోదు. కానీ తండ్రి చేతి వస్తువు పోలీసు స్టేషన్లో మూలన పడి తుప్పు పడుతుందన్న ఊహ ఆయన్ని నిలవనీయలేదు. రాత్రి పడుకోబోయే ముందు బీరువా తలుపు తీసి తుపాకీని ఒకసారి చూసి వేసేవారు. సవతి అని ఆడిపోసుకునే దొడ్డమ్మే, సత్యనారాయణస్వామికి మొక్కుకుంది.

విచారణకి తాసీల్దారుగారు వచ్చిన రోజు తెల్లవారుజామున వాన కురిసింది. జీపు రైలు కట్ట దగ్గర ఆగిపోయింది. ఆయన బూట్లు చేత్తో పట్టుకుని పొలం గట్టు మీద నడిచి వస్తూ, మా ఇంటికి ఇంకా కూతవేటు దూరం ఉందనగా కాలు జారి బోదె కాలవలో నడుము దాకా దిగబడ్డారు. బొద్దుగా, తెల్లగా ఉండే మనిషి. ఆ అవతారంలో ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి పెదనాన్నకి ఏం చెయ్యాలో తోచలేదు. మావాళ్ళకి తోచనప్పుడు చేసే పని ఒకటే, మర్యాద. వేడినీళ్ళు, సబ్బు, తుండు, ఫిల్టరు కాఫీ, అన్నీ ఒకేసారి నాలుగు వైపుల నుంచి ఎదురొచ్చాయి. దొడ్డమ్మ బీరువా తెరిచి పైనున్న మడత పంచె తీసి బావ చేతికిచ్చింది. బావ గదిలోకి అందించాడు. కాసేపటికి తాసీల్దారుగారు తెల్లటి ఇస్త్రీ పంచెలో, పెదనాన్న చొక్కాలో, బొత్తాలు అందక ఊపిరి బిగబట్టుకుని బయటికి వచ్చి, ఎండ పడుతున్న వైపు నిలబడి ఫిర్యాదు కాగితం చదవడం మొదలుపెట్టారు.

"మీరు కుర్రాళ్ళకి తుపాకీ ఇస్తున్నారనీ, ఇంటి దగ్గరే కాలుస్తున్నారనీ అభియోగం అండి. ఏమంటారు?"

"అబ్బెబ్బే. ఆ తూటాల పెట్టె తెరిచి ఏడాదైందండి" అన్నారు పెదనాన్న.

నేను అప్పటికే చూశాను. ఎండ ఆయన వెనక నుంచి కొడుతోంది. పంచె నిండా వెలుతురు చుక్కలు. ఆయన ఇటు తిరిగి కాఫీ గ్లాసు అందుకుంటుంటే వెనకవైపు, సరిగ్గా కూర్చునే చోట, ఎన్ని ఉతుకులకీ పోని బొగ్గు గీత, ముక్కూ తోకా మెడా ఉన్న పరజ బొమ్మ. బావ నా చెయ్యి గిచ్చాడు. తాసీల్దారుగారు మా చూపులు పట్టుకుని కిందికి చూసుకున్నారు. పంచె కొంగు ఎత్తి వెలుతురుకి పట్టారు. ఒక చిల్లులో చిటికెన వేలు పెట్టి చూశారు.

"మరి ఈ చిల్లులేంటండీ?"

"ఎలకలండి" అన్నారు పెదనాన్న. అదే క్షణంలో తలుపు చాటు నుంచి "చెదలండి" అంది దొడ్డమ్మ. అదే క్షణంలో "దీపావళి మతాబులండి" అన్నాడు బావ. ముగ్గురూ ముగ్గురి మొహాలు చూసుకున్నారు. నన్ను అడగలేదు కాబట్టి నేను ఏమీ చెప్పలేదు.

తాసీల్దారుగారు పంచె వెనక భాగం ముందుకు లాక్కుని చాలాసేపు చూశారు. "ఈ బాతుని కూడా ఎలకే గీసిందాండీ?" అని అడిగారు.

ఇంక లైసెన్సు పోయినట్టే అనుకున్నాం. పెదనాన్న కుర్చీలో కూలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. పంచె పరీక్ష, గొట్టాలు, నంబర్లు, పోపుల పెట్టె, అన్నీ. చెబుతూ చెబుతూ భయం మర్చిపోయి, ఆ పంచె ఏ గొట్టానిదో చెప్పడానికి అధికారిని లేపి వెనక్కి తిరగమని, వంగి చిల్లులు చూసి, "ఇది ఎడమ గొట్టమండి, నాలుగో నంబరు. చూశారా, గుంపు చెదరలేదు" అన్నారు. విన్నకొద్దీ తాసీల్దారుగారి మొహంలో అధికారి కరిగిపోయి ఇంకెవరో వచ్చి కూర్చున్నారు. "నా సంతకంతో ఈ తాలూకాలో చాలా తుపాకులున్నాయండి. ఒక్కటంటే ఒక్కటీ పేల్చి ఎరగను. అడగడానికి మొహమాటం" అన్నారు. అని, గొంతు సవరించుకుని, "స్థల పరిశీలన చెయ్యకుండా రిపోర్టు రాయడం కుదరదు కదండీ" అన్నారు.

స్థలమంటే ఆవ. మా ఆవలో వేటకి తాటి దోనెలు వాడేవాళ్ళం. తాటిమొద్దు తొలిచి చేసిన దోనె ఒక్క మనిషికే చాలదు, తుమ్మితే తిరగబడుతుంది. అందుకని రెండు దోనెల్ని పక్కపక్కన పెట్టి వెదురు కట్టి సంగడి చేసేవారు. పెదనాన్న నియమాలు పెదనాన్నకి ఉండేవి. సంగడి మీద కాల్చేవాడు కింద చతికిలబడి కూర్చోవాలి, లేవకూడదు. కొత్తవాడికి మెంతులే, అదీ వదులు గొట్టంలోనే, రెండో గొట్టం ఖాళీగా ఉండాలి. ఈ నియమాలు మామీద ఎంత కచ్చితంగా అమలు చేసేవారో, అధికారి ముందు అంత మెత్తగా మింగేశారు. తాసీల్దారుగారంతటి మనిషిని దోనెలో చతికిలబడమని ఏ నోటితో చెబుతారు? ఇంట్లోంచి చేతుల కుర్చీ తెప్పించి సంగడి మీద వేయించారు. తాసీల్దారుగారు తూటాల పెట్టెలోకి తొంగిచూసి, అందరికీ కనబడినట్టే ఆయనకీ ఎల్జీయే కనబడి, "ఇది పెద్దదిలా ఉందే. ఇదే పెట్టండి, రెండింట్లోనూ" అన్నారు. పెదనాన్న తల గోక్కున్నారు. "ఆయ్, అలాగేనండి" అన్నారు. పక్కకి తిరిగి తుపాకీని కీలు దగ్గర విరిచి తెరిచి, నింపి, మూసి, "ఎల్జీయేనండి, రెండు గొట్టాల్లోనూ" అని గట్టిగా చెప్పి చేతికిచ్చారు. మర్యాద కొద్దీ కాదనలేకపోయారని ఆ మాట విని నాకు గుండె జారింది. ఎందుకంటే అవతలి గట్టుకి వెళ్ళి డబ్బా కొట్టి పరజల్ని లేపే పని నాది.

చుట్టూ తిరిగి వెళ్ళాను. గట్టు చాటున నిలబడి కిరసనాయిలు డబ్బా మీద కర్రతో వాయించి, చెప్పినట్టే బోర్లా పడుకున్నాను. తల పూర్తిగా దాచుకున్నాను. కాళ్ళకి కూడా చోటు కావాలన్న సంగతి తట్టలేదు. పరజలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ తరవాత జరిగింది బావ చెప్పగా విన్నది. పరజలు నెత్తిమీదికి వచ్చేసరికి తాసీల్దారుగారికి కుర్చీలో ఉన్నామన్న ధ్యాస పోయి లేచి నిలబడ్డారు. వెనక గెడ వేస్తున్న బావ "కూర్చోండి సార్" అనేలోపే సంగడి ఒక వైపు ఒరిగింది. తుపాకీ మూతి ఆకాశం నుంచి కిందికి దిగింది. పేలింది. ఆయన కుర్చీలో పడ్డారు, కుర్చీ ఆవలో పడింది. తుపాకీని మాత్రం పెదనాన్న ఒంటిచేత్తో గాల్లోనే అందుకున్నారు. పరజ ఒక్కటీ పడలేదు. పడింది నేనే.

పిక్కలో ఎవరో కాలిన సూది దింపినట్టయింది. చెయ్యి పెట్టి చూస్తే నెత్తురు. ఇంక నాకు తెలిసిపోయింది. అడవిపందిని పడగొట్టే తూటా తగిలింది, కాలు ఉందో లేదో కూడా చూసుకోలేదు. "ఎల్జీ తగిలింది పెదనాన్నోయ్! నేను చచ్చిపోతున్నాను!" అని అరిచాను. మా అమ్మ గుర్తొచ్చింది. ఆ వెంటనే పి.యు.సి. పరీక్షలు కూడా గుర్తొచ్చి, చావులో కూడా ఒక చిన్న సుఖం కనిపించింది. అప్పుడు చూశాను, సంగడి మీద నుంచి దూకేసి, నీళ్ళలో, అడ్డొచ్చిన తూటికాడలు తెంచుకుంటూ, పంచె ఊడిపోయినా చూసుకోకుండా, పెదనాన్న నా వైపు వస్తున్నారు. ఈదుతున్నారో నడుస్తున్నారో పాకుతున్నారో తెలియడం లేదు. అరుస్తూ వస్తున్నారు.

"ఆరేరా! ఒరేయ్, ఆరే పెట్టాను! ఒక్క గొట్టంలోనేరా! ఆరే పెట్టాను!"

గట్టెక్కి నన్ను ఒళ్ళో వేసుకుని కాలు తిప్పి చూశారు. పిక్క మీద మెంతిగింజంత చిల్లు, దానంతటి నెత్తురు చుక్క. వదులు గొట్టం నుంచి వచ్చిన గుళ్ళు అంతదూరం వచ్చేసరికి ఎక్కడెక్కడికో చెదిరిపోయి, బలం చచ్చి, ఒకే ఒక్కటి నా దాకా వచ్చింది. అధికారి అడిగినట్టే ఎల్జీ పెట్టి ఉంటేనో, బావ కోరినట్టు బిగువు గొట్టంలో పెట్టి ఉంటేనో, ఈ ఎక్స్‌రే తీయించుకోడానికి నేను ఉండేవాణ్ణి కాదు. పెదనాన్న అధికారికి అబద్ధం చెప్పారు. ఆయన జన్మలో చెప్పిన అబద్ధాల్లో ఎలకలది ఫలించలేదు గానీ, ఇది ఫలించింది. "ఆరే, ఆరే" అని ఇంకా గొణుగుతూనే ఉన్నారు.

ఇంటికి చేరాక ఊళ్ళో కాంపౌండరు వచ్చి గుచ్చి చూసి, "లోపలికి దిగింది బాబూ. వెతికితే కండ పాడైపోద్ది. ఉండనివ్వండి, తిండి పెట్టక్కర్లేదు కదా" అని అయోడిన్ రాసి వెళ్ళాడు. తాసీల్దారుగారు రెండోసారి తడిసి వచ్చారు. ఆయనకి దొడ్డమ్మ ఇంకో పంచె ఇచ్చింది. దాని చిల్లులు చిన్నవి, ఎక్కువ. ఎనిమిదో నంబరు. ఈసారి ఆయన దాని గురించి ఏమీ అడగలేదు. నా మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "బాబూ, నొప్పిగా ఉందా?" అన్నారు. లేదన్నాను. "మీ వాళ్ళలో ప్లీడర్లు ఎవరైనా ఉన్నారా?" అన్నారు. దానికీ లేదన్నాను. ఆయన మొహంలోకి కాస్త రంగు వచ్చింది. అక్కడే, మా అరుగు మీద, ఎనిమిదో నంబరు పంచె కట్టుకుని రిపోర్టు రాశారు. తుపాకీ మంచి స్థితిలో ఉన్నదనీ, యజమాని తూటాల ఎంపికలో మిక్కిలి జాగ్రత్త వహించు వ్యక్తి అనీ, ఈ విషయమును తాము స్వయముగా గమనించితిమనీ. గేదె పాల సంగతి పశువైద్య శాఖ పరిధిలోనిదని చివర ఒక వాక్యం. లైసెన్సు రెన్యువల్ అయింది. దొడ్డమ్మ అన్నవరం వెళ్ళి మొక్కు తీర్చుకుంది.

అంతా బాగానే జరిగింది కదా. కానీ పెదనాన్న ఆ తుపాకీ మళ్ళీ పేల్చలేదు. మొదట మేం కనిపెట్టలేదు. తరవాతి సెలవుల్లో వెళ్ళి, పరజలు దిగాయట పదండి అంటే, తూటాలు చెమ్మగిల్లాయిరా అన్నారు. ఎండ చితక్కొడుతోంది, డాబా మీద ఆరబెడదామంటే, చూద్దాంలే అన్నారు. ఆదివారం నూనె స్నానం మాత్రం మానలేదు. బియ్యం డబ్బాలో తూటాలు అలాగే ఉన్నాయి. పంచెలన్నీ నిక్షేపంగా ఉన్నాయి. దొడ్డమ్మ సంతోషించాల్సిన సంగతి అది. ఒకరోజు మధ్యాహ్నం దొడ్డమ్మే బీరువాలోంచి ఒక కొత్త పంచె తీసి, కొబ్బరిచెట్ల వైపు చూపించి, "కుర్రాళ్ళు వచ్చారు కదా, దీన్ని చెట్లకి కట్టుకోండి, ఒక్కసారి కాల్చుకోండి" అని ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు నిమిరి, మడత విప్పకుండా భుజాన వేసుకుని పొలం వెళ్ళిపోయారు. దొడ్డమ్మ కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళింది. సవతి మీద ఆవిడకి అంత ప్రేముందని అప్పటిదాకా మాకు తెలియదు.

కొన్నేళ్ళకి కొత్త చట్టం వచ్చింది. ఆవని కూడా ఎవరెవరో పూడ్చుకుంటూ వచ్చారు. ఇప్పుడు అక్కడ రొయ్యల చెరువులు, కరెంటు మోటార్లు ఉన్నాయి. తుపాకీని పెదనాన్న తనే తీసుకెళ్ళి అప్పగించి వచ్చారు. నేను ఎప్పుడు కనబడినా ముందు నా కాలి వైపే చూసి, "కదిలిందా?" అని అడిగేవారు. నా ఉద్యోగం గురించీ, పెళ్ళి గురించీ ఆ తరవాతే. చివరి రోజుల్లో చూపు పూర్తిగా పోయింది. వచ్చినవాళ్ళు పేరు చెబితే గాని పోల్చుకునేవారు కాదు. నేను మాట్లాడకుండా వెళ్ళి మంచం మీద పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి తడుముకుంటూ నా మోకాలి మీదికి వచ్చి, కిందికి దిగి, పిక్క మీద ఆగింది. బొటనవేలితో నొక్కి చూశారు. "ఆరు" అన్నారు. నవ్వారు. నేను కూడా నవ్వుదామనుకున్నాను, కుదరలేదు.

ఎక్స్‌రే ఫోటో బావకి వాట్సాప్‌లో పంపాను. వాడు కూడా రిటైరై హైదరాబాదులో మనవల్ని స్కూలుకి దింపుకుంటున్నాడు. క్షణంలో జవాబొచ్చింది: "ఫుల్ చోక్ అయ్యుంటే గురి ఇంకా బాగుండేది." ఇన్నేళ్ళయినా వాడికి బుద్ధి రాలేదు. డాక్టరుగారు, చిన్న ఆపరేషనే, మత్తుమందు ఇచ్చి తీసేద్దామా అన్నారు. వద్దన్నాను. నొప్పి లేకపోయినా ఉంచుకుని మాత్రం ఏం చేస్తారండీ అన్నారు. ఆయనకేం చెప్పను? గొట్టం దాటాక ఎంత గుంపుగా బయల్దేరినవైనా దూరం పోయేకొద్దీ విడిపోవాల్సిందేనని పెదనాన్న పంచె ముందు నిలబెట్టి మరీ చెప్పారు. ఆ రోజు ఆవ ఒడ్డున ఉన్నవాళ్ళమంతా అలాగే విడిపోయాం. ఆయనా, దొడ్డమ్మా, పరజలూ, ఆ నీళ్ళూ ఇప్పుడు లేవు. ఇన్నేళ్ళ దూరాన్నీ దాటుకుని వచ్చింది ఆ ఒక్క గుండే, ఇంకా నా కాల్లో వెచ్చగా ఉంది.